మేనమామ ఇంట్లో హాక్

డ్రాగన్ ఏజ్ 2 చెత్త ఆట అని ఏళ్ల తరబడి చెప్పాను. అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లను పట్టుకొని మరీ చెప్పాను. ఇంజినీరింగ్‌లో జూనియర్లు హార్డ్ డిస్క్ తీసుకొని వస్తే మొదటి భాగం కాపీ చేసిచ్చి, రెండోదాని జోలికి పోవద్దని పంపేవాణ్ని. నా మాట మీద గురి ఉన్న పిల్లలు పోలేదు కూడా. ఆ ఆటలోని లోపాలు నాకు కంఠతా వచ్చు. ఎవరైనా ఎదురు చెప్తే ఒక్కొక్కటే అప్పజెప్పేవాణ్ని, అవతలివాడికి మాట ఉండేది కాదు. ఆ లోపాల్లో ఒక్కటీ అబద్ధం కాదని ఇప్పటికీ అంటాను. అయినా నా తీర్పు తప్పు. మా ఇంట్లో అప్పుడు జరుగుతున్నదాన్ని ఆ కథ తెచ్చి నా ముందు పెడితే, ముందొచ్చిన కథలా లేదని దాన్ని తోసేశాను.

ఈ ఆటలు ఎరగనివాళ్లకు కొంచెం చెప్పాలి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెర మీద ఒక పాత్రను మనం వేసుకొని ఆడేది. కత్తి తిప్పడం ఒక్కటే కాదు, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవర్ని నమ్మాలో, ఎవర్ని వదిలేయాలో కూడా మనమే తేల్చుకోవాలి. కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ అనే సంస్థ ఉంది. 1998లో బాల్డర్స్ గేట్, 2000లో దాని రెండో భాగం తీసి ఈ రకం ఆటలకు పేరు తెచ్చింది. అదే సంస్థ 2004లో ప్రకటించి, అయిదేళ్లు పైగా చెక్కి, 2009 నవంబరు 3న విడుదల చేసింది డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్. అందులో ఆటగాడి పుట్టుకకు ఆరు కథలున్నాయి. గొప్పింటి బిడ్డగా పుట్టొచ్చు, మురికివాడ ఎల్ఫ్‌గా పుట్టొచ్చు, భూమి కింద కులం లేని మరుగుజ్జుగా పుట్టొచ్చు. ఎలా పుట్టామన్నదాన్ని బట్టి లోకం మనతో మాట్లాడే తీరు మారుతుంది. ఎక్కడ మొదలైనా గ్రే వార్డెన్ అనే యోధుల దళంలో చేరతాం, సేనలు కూడగడతాం, ఫెరెల్డెన్ దేశానికి రాజెవరో తేలుస్తాం, చివర ఆర్చ్‌డీమన్ అనే మహా డ్రాగన్‌ను చంపుతాం. దేశం మనకు మొక్కుతుంది.

నేను ఆ ఆట ఆడింది కడపలో, ఎర్రముక్కపల్లెలోని మా మేనమామ ఇంట్లో. మా ఊరు కర్నూలు. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కర్నూలు మునిగింది. ఆ ఏడు వానల్లేక చేలల్లో చెనిక్కాయ ఎండిపోయింది, మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా చూశాం. చూస్తుండగానే తుంగభద్ర పొంగింది, హంద్రీ నీళ్లకు పోయే దారి లేక వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చాయి. సెలవని నేను కాలేజీ నుంచి ఇంటికి వచ్చి ఉన్నాను. మిద్దె ఎక్కి బతికాం. కింద ఇల్లు, బజారులో నాన్న నోటు పుస్తకాల కొట్టు, రెండూ పోయాయి. నీళ్లు తీసినాక కొట్టు షట్టరు ఎత్తితే, ర్యాకుల్లో పేర్చిన నోటు పుస్తకాలు నీళ్లు తాగి ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుపోయి ఉన్నాయి. చేత్తో లాగితే ఒక్కటి కదల్లేదు. నాన్న గడ్డపార తెచ్చి ర్యాకు పలకలు విరగ్గొట్టి తీశాడు. దిమ్మలు దిమ్మలుగా బయటికొచ్చాయి, రూళ్ల గీతల సిరా కరిగి అంచులు నీలంగా ఉన్నాయి. పిల్లలు పుస్తకాలు కొనే కాలం దాటిపోయినా కొట్టులో ఇంకా అంత సరుకు ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ సరుకు అప్పు మీద తెచ్చిందని తర్వాత తెలిసింది.

నాన్న కర్నూలులోనే ఉండి బురద ఎత్తిపోశాడు. అమ్మా చెల్లెలూ కడపకు వచ్చారు. నా కాలేజీ కడప పక్కనే. హాస్టల్ ఫీజు మిగులుతుందని నేనూ మామ ఇంటికే చేరాను. అమ్మ వస్తూ వస్తూ ఒక ఇనప పెట్టె తెచ్చింది. అందులో ఇంటి దస్తావేజులు, నా మార్కుల లిస్టులు, చెల్లెలి బర్త్ సర్టిఫికెట్టు, అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. రోజూ పొద్దున్నే మిద్దె మీద ఒక్కో కాగితం పరిచి, నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టి ఎండబెట్టేది. సాయంత్రం ఏరుకొచ్చేది. మంచు తగులుతుందేమోనని ఎండినవాటినీ మళ్లీ ఎండబెట్టేది. మా మేనత్త ఒక్క మాట అనలేదు. మామ కూడా అనలేదు. ఎవరూ ఏమీ అనకుండా ఉండటానికి ఆ ఇంట్లో అందరూ ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్లో నాకు తెలుసు. సంగటి ముద్ద వేసేటప్పుడు అత్త నన్ను అడక్కుండానే రెండోది వేసేది. అమ్మ మాత్రం అందరి తర్వాత, గిన్నెలో మిగిలినదాన్ని బట్టి తినేది.

ఆ ఇంట్లో కంప్యూటరు మామ కొడుకుది. వాడప్పుడు తొమ్మిదో తరగతి. వాడి చదువు కోసమని మామ కొన్నది. నేను వచ్చాక అది నాదైపోయింది. స్నేహితుడి దగ్గర పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించి, రాత్రంతా ఆరిజిన్స్ ఆడేవాణ్ని. కరెంటు పోతే యూపీఎస్ అరుస్తూ ఉండగా ఉన్నపళంగా సేవ్ చేసుకునేవాణ్ని. వాడు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చూసేవాడు. నేను గొప్పింటి బిడ్డ కథ ఎంచుకున్నాను. మొదటి గంటలోనే కోట కాలిపోతుంది, తల్లిదండ్రులు పోతారు, ఒంటరిగా బయటపడతాం. కానీ ఆ ఆటలో ఒంటరివాడు దేశాన్ని శాసిస్తాడు. రెడ్‌క్లిఫ్ అనే ఊళ్లో కానర్ అనే పిల్లవాడికి భూతం పడుతుంది. పిల్లవాణ్ని చంపాలి, లేదా వాడి తల్లిని బలి ఇవ్వాలి. కానీ ఓపిక పట్టి మంత్రగాళ్ల గోపురానికి పోయి సాయం తెస్తే ఇద్దరూ బతుకుతారు. కష్టపడితే మూడో దారి ఎప్పుడూ ఉంటుంది. ఆ మూడో దారి కోసమే ఆ ఆటను అంతగా ప్రేమించాను. ఆ సంగతి అప్పుడు నాకే తెలియదు. పోరాటం బాగుంది, పైనుంచి చూసే కెమెరా బాగుంది, మాటలు బాగున్నాయి అనుకునేవాణ్ని.

పదహారు నెలలకే, 2011 మార్చిలో, రెండో భాగం వచ్చింది. అప్పటికీ మేం మామ ఇంట్లోనే ఉన్నాం.

దాని కథ ఇదీ. హాక్ అనే మనిషి, తల్లి లియాండ్రా, కవల తోబుట్టువులు కార్వర్, బెథనీ. దండయాత్రలో వాళ్ల ఊరు లోథరింగ్ నాశనమైతే పారిపోతారు. దారిలోనే కవలల్లో ఒకరు చనిపోతారు. సముద్రం దాటి కర్క్‌వాల్ అనే నగరానికి చేరతారు, అది తల్లి పుట్టిల్లు. గొప్ప భవనం ఉంటుందని తల్లి చెప్తూ వస్తుంది. తీరా చేరితే ఆమె తమ్ముడు గ్యామ్లెన్ ఆ భవనం ఎప్పుడో పోగొట్టుకొని, కింది పేటలో ఇరుకింట్లో ఉంటాడు. ఊళ్లోకి రానివ్వడానికి లంచం కావాలి, దానికోసం హాక్ ఏడాదిపాటు కిరాయి సైనికులకో దొంగరవాణా ముఠాకో పని చేయాలి. ఆ ఏడాది అయ్యాక అసలు ఆట మొదలవుతుంది. మొత్తం ఏడేళ్లు, మూడు అంకాలు, ఒకే ఊరు.

నేను చూసినవి ఇవేవీ కావు. ఆరు పుట్టుకల చోట ఒక్క పుట్టుకే ఉందని చూశాను. ఎల్ఫ్‌గా, మరుగుజ్జుగా పుట్టే వీలు తీసేశారు. కెమెరా పైకి పోదు. ఒక గుంపును చంపితే ఇంకో గుంపు మిద్దెల మీద నుంచి ఊడిపడుతుంది, ముందుగా వేసుకున్న ఎత్తుకు విలువ లేదు. తోడున్నవాళ్లకు కవచాలు మార్చలేం. అన్నింటికన్నా గుహలు. ఊరి బయట ఏ గుహలోకి పోయినా అదే గుహ. ఒకసారి ఈ ద్వారం రాతిపలకతో మూసి ఉంటుంది, ఇంకోసారి ఆ ద్వారం. మ్యాపులో మాత్రం మొత్తం గుహ కనిపిస్తూనే ఉంటుంది, దాచడానికి కూడా టైము దొరకలేదు వాళ్లకు. గుహలోకి అడుగు పెట్టగానే నేను గట్టిగా తిట్టేవాణ్ని. ఏడేళ్ల కథలో ఊరి వీధి ఒక్కటీ మారదు. ఎంత శ్రద్ధగా పనిచేశానో చెప్పాలంటే, ఆరిజిన్స్‌లో ఉండి ఇందులో లేనివన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. అది నాన్న కొట్టులో నీళ్లు తగలకుండా మిగిలిన వాటిలోదే.

గ్యామ్లెన్ ఇంట్లో ఒక బల్ల ఉంటుంది, దాని మీద ఉత్తరాలు వస్తుంటాయి. వాటిని చదవడానికి మాటిమాటికీ ఆ ఇంటికి పోవాలి. పోయినప్పుడల్లా లియాండ్రా, గ్యామ్లెన్ ఏదో వాదులాడుకుంటుంటారు. తండ్రి వీలునామాలో ఏముందని ఆమె అడుగుతుంది, అతను దాటేస్తాడు. నేను ఆ మాటలు పూర్తిగా విననిచ్చేవాణ్ని కాదు, బల్ల దగ్గరికి పోయి ఉత్తరం చదివి బయటపడేవాణ్ని. ఒకరోజు మామ కొడుకు వెనక నుంచి, "ఇది మన కతే కదా బావా" అన్నాడు. "వాళ్లు గూడా మేనమామింటికి వచ్చినారు. మీ మాదిరే."

నేను వాడి మీద కసిరాను. "ఊరుకోరా, కథ ఎవడిక్కావాలి, గుహ చూడు, మళ్లీ అదే గుహ" అన్నాను.

వాడు ఊరుకోలేదు. కాసేపాగి, "మా నాయన ఈ గ్యామ్లెన్ అంత చెడ్డోడు కాదులే బావా" అన్నాడు. వాడి గొంతులో నన్ను అడుగుతున్నట్టు ఉంది. అవునో కాదో నేను చెప్పాలని వాడు ఎదురుచూశాడు. పదిహేనేళ్ల పిల్లవాడు. మేం వచ్చి ఏడాదిన్నర, వాడి గదిలో నేను పడుకుంటున్నాను, వాడి కంప్యూటరు నా చేతుల్లో ఉంది. వాళ్ల నాయన మాకు మంచి చేస్తున్నాడా లేదా అన్నది వాడి మనసులో ఉందన్నమాట. ఒక ఆట వాడికి ఆ ప్రశ్న అడిగే వీలిచ్చింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మా తాత, అమ్మ నాన్న, నంద్యాల దగ్గరి పల్లెలో ఉండేవాడు. పద్య నాటకాల పిచ్చి. కృష్ణరాయబారం ఏ ఊళ్లో పడినా ఎద్దుల బండి కట్టేవాడు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ని చూసిన మనిషి. ఆ తర్వాత ఏ కృష్ణుడొచ్చినా, పద్యం ఎత్తుకోగానే రాగం ఎంతసేపు నిలిచిందో చూసి, లేచి వచ్చేసేవాడు. ఒకసారి జాతరలో ఒక కుర్ర నటుడు కృష్ణుడు వేశాడు. రాగం తీయలేదు, పద్యాన్ని మాట్లాడినట్టు చెప్పాడు. తాత లేచి బండి దగ్గరికి పోయాడు. నాటకం చివరిదాకా చూసినవాళ్లు పొద్దున వచ్చి, దుర్యోధనుడి సభలో ఆ పిల్లవాడు సంధి అడుగుతుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారని చెప్పారు. తాత నమ్మలేదు. ఆయన చెవులు ఒక మనిషి దగ్గర ఆగిపోయాయి. నా చెవులు కూడా ఆ ఇంటి చెవులే.

ఆ తాతే నన్ను చిన్నప్పుడు నాటకాలకు తీసుకుపోయేవాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభివాళ్ల నాటకాల గురించి చెప్తూ, వాళ్ల తెరల వైభవం వేరనేవాడు. మా పల్లెలకు వచ్చే సమాజాలకు అంత భాగ్యం లేదు. ఒక దర్బారు తెర, ఒక అడవి తెర, ఒక వీధి తెర. ఆ దర్బారు తెర ముందే విరాటుడు కూర్చుంటాడు, ధృతరాష్ట్రుడు కూర్చుంటాడు, మర్నాడు హరిశ్చంద్రుడు కూర్చుంటాడు. కుడివైపు స్తంభం దగ్గర రంగు వెలిసిపోయిన చోటు నాకు ఇప్పటికీ గుర్తుంది. నిన్న విరాటుడి కొలువులో చూసిన స్తంభమే కదా ఇది అని ఎవరూ లేచి అరవలేదు. పాత్ర వచ్చి నిలబడగానే తెర కనబడటం మానేసేది. అలా పెరిగిన నేను, ఒక ఆటలో గుహ మళ్లీ వచ్చిందని ఆ గుహలో నిలబడి మాట్లాడుతున్న మనుషుల్ని వినలేదు. తయారుచేసినవాళ్లకు టైము లేక ఆ పని చేశారన్నది నిజమే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఏ లోపాన్ని దాటి చూడటం నాకు చిన్నప్పుడే అలవాటో, ఆ లోపం దగ్గరే పెద్దయ్యాక కాళ్లు పాతుకున్నాను.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను కర్నూలులో ఉన్నాను. ఏప్రిల్‌లో మా ఊళ్లో కేసులు ఎక్కువ, వీధులన్నీ కర్రలు కట్టి మూసేశారు. పాత హార్డ్ డిస్కులో ఉన్నవే గతి, కొత్త ఆట దింపుకొనేంత నెట్ లేదు. ఏదీ దొరక్క డ్రాగన్ ఏజ్ 2 తెరిచాను. అంతకుమించి మంచి కారణం ఏదీ లేదు, దాన్ని తప్పుగా తూచానని అప్పటికి నాకు అనుమానం కూడా లేదు.

ఈసారి తొందర లేదు. గ్యామ్లెన్ ఇంట్లోకి పోయి బల్ల ముట్టుకోకుండా నిలబడ్డాను. లియాండ్రా వీలునామా గురించి అడుగుతుంది. మా నాన్న నన్ను మరిచిపోయి ఉండడు అన్న నమ్మకం ఆమె గొంతులో ఉంది. ఆ వీలునామాను హాక్ పాత భవనం కింది సొరంగాల్లోంచి వెతికి తెస్తాడు. భవనం ఆమెకే రాసి ఉంటుంది. కాగితం చేతికొస్తుంది, ఇల్లు రాదు, కాగితం ఉన్నంత మాత్రాన ఇల్లు రాదు. మిద్దె మీద గులకరాళ్ల కింద మా దస్తావేజులు రెపరెపలాడటం గుర్తొచ్చి కీబోర్డు మీద నుంచి చేతులు తీశాను. మొదటిసారి ఆడినప్పుడు ఇదే పని చేసి, అనుభవం పాయింట్లు వచ్చాయని ముందుకు పోయాను.

తర్వాత బెథనీ సంగతి. హాక్ భూగర్భ దారుల్లోకి నిధి కోసం పోతాడు, ఆ డబ్బుతోనే కుటుంబం పైకొస్తుంది. చెల్లెల్ని తీసుకుపోవద్దని తల్లి బతిమాలుతుంది. తీసుకుపోతే అక్కడి విషం తగిలి ఆమె చేజారిపోతుంది, చచ్చిపోతుంది లేదా వార్డెన్లలో కలుస్తుంది. వదిలి పోతే, తిరిగొచ్చేసరికి మంత్రశక్తి ఉన్నదని, మంత్రగాళ్ల మీద కాపలా ఉండే టెంప్లర్లు వచ్చి పట్టుకుపోతారు. రెండో అంకంలో తల్లి వంతు. పై పేటలో ఇల్లు తిరిగొస్తుంది, ఆమె నవ్వుతుంది, ఒకరోజు ఇంటికి తెల్ల లిల్లీ పూలు వస్తాయి. ఆ పూలు పంపేవాడు ఆడవాళ్లను చంపేవాడు. హాక్ ఎంత పరిగెత్తినా తల్లిని కాపాడలేడు. ముందే ఆధారాలు పట్టుకున్నా, ఎవర్ని అనుమానించినా, ఎంత తొందరగా పోయినా అంతే. ఆ వార్త గ్యామ్లెన్‌కు చెప్పాల్సింది కూడా మనమే.

2011లో నేను ఈ ఘట్టం దగ్గర పాత సేవ్‌లు మళ్లీ మళ్లీ లోడ్ చేశాను. మూడో దారి కోసం వెతికాను. లేదని తేలాక, మన ఎంపికలకు విలువ లేని ఆట అని నా నోటు పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద లోపంగా రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ మాట రాసినవాడు వరదలో మునిగిన ఊరి నుంచి వచ్చినవాడు. నీళ్లు వచ్చిన రాత్రి మా నాన్న కొట్టుకు పోదామా, ఇంట్లో ఉందామా అని ఎంతో ఆలోచించి ఇంట్లో ఉన్నాడు. బియ్యం పైకెక్కించాలా, పుస్తకాలా అని అమ్మ ఆలోచించింది. ఏది చేసినా పోయేది పోయింది. మేం సరిగా ఎంచుకోలేదని ఆ తర్వాత ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు. అంత దగ్గరి నిజం ఒక ఆట చెప్తే, ముందొచ్చిన ఆట ఇచ్చిన తీపి మాట ఇది ఇవ్వలేదని కోపగించుకున్నాను. నాకు కావాల్సింది దేశం కాపాడే వీరుడు. మామ ఇంట్లో రెండో ముద్ద వద్దనలేక తినే మేనల్లుణ్ని తెర మీద చూడటానికి నాకు మనసొప్పలేదు. ఆ సిగ్గునే కెమెరా, కవచాలు, గుహలు అని పేర్లు మార్చి చెప్పుకున్నాను.

అసలు కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడటమే తప్పని నేననను. ఆ పోలికను ఆటే కోరుకుంటుంది. ఆరిజిన్స్‌లో మనం చేసుకున్న సేవ్‌ను రెండో దాంట్లోకి తెచ్చుకోవచ్చు, మనం ఎవర్ని రాజుగా నిలబెట్టామో కర్క్‌వాల్‌లో జనం మాట్లాడుకుంటారు. నేను పోల్చిన వస్తువు తప్పు. ఆరిజిన్స్ అనే పేరులోనే ఆ ఆట ఇచ్చిన మాట ఉంది, నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో అది నిన్ను వదలదు అని. గొప్పింటి బిడ్డగా ఆడిన నాకు కోట తగలబడిన సంగతి మొదటి గంట తర్వాత పెద్దగా అడ్డు రాలేదు, ఎప్పుడో ఒకచోట పగ తీర్చుకొని సరిపెట్టుకున్నాను. హాక్‌కు ఇల్లు, తల్లి, మేనమామ చివరిదాకా అడ్డొస్తూనే ఉంటారు. మొదటి ఆట ఇచ్చిన మాటను రెండోదే ఎక్కువ నిలబెట్టుకుంది. ఆ కొలతతో చూస్తే 2014లో వచ్చి ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచిన మూడో భాగం ఇంక్విజిషన్ నాకు కొంచెం పలచగా అనిపిస్తుంది. హింటర్‌లాండ్స్ అనే మొదటి మైదానమే అంత పెద్దది, అక్కడ మూలికలు ఏరుకుంటూ కథ మరిచిపోయినవాళ్లు ఎంతోమంది. నోటు పుస్తకం కొలతతో అయితే అదే అన్నిటికన్నా గొప్పది, అన్నీ ఉన్నాయి మరి.

వారిక్ అనే మరుగుజ్జు గురించి కూడా చెప్పాలి. రెండో ఆట కథంతా అతను కసాండ్రా అనే అధికారిణికి చెప్తున్నట్టు నడుస్తుంది. మొదటి ఘట్టంలో హాక్ ఒక్క దెబ్బకు పదిమందిని నరుకుతాడు. వెంటనే కసాండ్రా, ఇది జనం చెప్పుకునే కథ, నిజం చెప్పు అంటుంది. అప్పుడు అసలు కథ మొదలవుతుంది, అందులో హాక్ అలసిపోయిన మామూలు మనిషి. ఆట మొదటి పది నిమిషాల్లోనే నాకు చెప్పాల్సింది చెప్పేసింది, ఆరిజిన్స్ వీరుణ్ని ఇక్కడ వెతకొద్దని. నేను ఆ పది నిమిషాల్లో కొత్త పోరాట పద్ధతి బాగాలేదని రాసుకుంటున్నాను.

2024 అక్టోబరు 31న నాలుగో భాగం ది వీల్‌గార్డ్ వచ్చింది. పదేళ్ల తర్వాత. దాన్ని ప్రచురించిన ఈఏ 2025 జనవరిలో, దాదాపు 15 లక్షల మంది ఆడారని, అనుకున్నదాంట్లో అది సగమేనని చెప్పింది. ఇప్పుడు దాన్ని తిడుతున్నవాళ్లలో చాలామంది, డ్రాగన్ ఏజ్ 2 ఎంత బాగుండేదో అంటున్నారు. నేను మొదట ముగ్గురు తోడుండే చోట ఇద్దరే ఉన్నారని రాసుకోబోయి ఆగాను. బాల్డర్స్ గేట్ 3 రాకముందు కూడా, పాతవాటిలా కాకుండా వంతులవారీ పోరాటం పెట్టారని గోల చేసినవాళ్లున్నారు. 2023లో ఆ ఆట వచ్చాక ఆ గోల ఎవరికీ గుర్తులేదు. కాబట్టి ఇద్దరా ముగ్గురా అన్నది వదిలేశాను. వీల్‌గార్డ్‌తో నాకున్న తగువు వేరు. ముందటి ఆటల్లో మనం తేల్చినవాటిలో ఇంక్విజిషన్ నుంచి మూడంటే మూడే ఇందులోకి వస్తాయి. నేను నిలబెట్టిన రాజు ఎవరో దానికి తెలియదు. కర్క్‌వాల్‌లో నేను ఎవరి వైపు నిలిచానో తెలియదు. ఎక్కడి నుంచి వచ్చావో అది నిన్ను వదలదన్న మాటను ఇక్కడ నిజంగానే వదిలేశారు. ఈ ఫిర్యాదు నా ఫిర్యాదే, దీని మీద గట్టిగా నిలబడతాను. కానీ ఎమ్రిక్ అనే నడివయసు మంత్రగాడు, చావంటే భయపడుతూనే జీవితమంతా శవాల మధ్య పనిచేసినవాడు, వెంట తిరిగే మాన్‌ఫ్రెడ్ అనే అస్థిపంజరానికి బిడ్డకు నేర్పినట్టు మర్యాదలు నేర్పుతుంటే, ఆ ఆట మీద నాకు ప్రేమే కలిగింది.

లాక్‌డౌన్‌లో ఆట పూర్తయిన రాత్రి మామ కొడుక్కి ఫోన్ చేశాను. వాడిప్పుడు బెంగళూరులో ఉంటాడు. డ్రాగన్ ఏజ్ 2 మళ్లీ ఆడానని, ఆ రోజు వాడన్న మాట నిజమని చెప్పాను. వాడికి ఆ మాట అన్నట్టే గుర్తులేదు. నాకు ఎంత గుర్తుందో విని ఆశ్చర్యపోయాడు. మీ నాయన గ్యామ్లెన్ లాంటివాడు కాదురా, ఆయన లేకపోతే నా చదువు ఆగిపోయేది అని చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. "ఆ మాట నాకెందుకు, మా నాయనకే చెప్పు బావా" అన్నాడు. మర్నాడు మామకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఆ మాట దాటేసి, కర్నూలులో మందులు దొరుకుతున్నాయా, అమ్మకు షుగర్ ఎట్లుంది అని అడిగాడు.

ఇంకో సంగతి కూడా వాడు ఆ రాత్రే చెప్పాడు. నేను దాన్ని చెత్త అని తీసిపారేసినాక, నేను కాలేజీకి పోయిన వేళల్లో వాడు ఒక్కడే ఆ ఆట ఆడేవాడట. నా సేవ్‌లు పోకుండా వేరే పేరుతో దాచుకునేవాడు. మంత్రగాడిగా ఆడాడు, అలా ఆడితే బెథనీ దారిలోనే చనిపోతుంది, తమ్ముడు కార్వర్ మిగులుతాడు. నాకు తెలియని కుటుంబం వాడిది. తిడతానని నాకు చెప్పలేదు. ఇంటర్ పరీక్షలు దగ్గరికొచ్చినా ఆపకుండా మూడు అంకాలూ పూర్తిచేశాడు. చివర్లో మంత్రగాళ్లకూ టెంప్లర్లకూ యుద్ధం వచ్చినప్పుడు, తను మంత్రగాడై ఉండి కూడా, టెంప్లర్ల నాయకురాలు మెరెడిత్ వైపు నిలబడ్డాడట. కార్వర్ అప్పటికి టెంప్లర్లలో చేరి ఉన్నాడు, తమ్ముడి మీద కత్తి ఎత్తలేకపోయానన్నాడు. అది సరైన కారణం కాదని నేనన్నాను. అవునని వాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఈ దసరాకు వాడు కడపకు వస్తున్నాడు, ఆ పాత సేవ్ ఇంకా వాడి దగ్గర ఉందట. తెమ్మని చెప్పాను.